మెయిన్ లూపు ఆగకూడదు

జనవరి 23, సోమవారం, 1989

శేషగిరి గారు ఒప్పేసుకొచ్చారు. నన్ను ఒక్క మాట అడక్కుండా!

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో తప్పిపోయినవాళ్ల చీటీలు ఈసారి కంప్యూటరు మీద. ఎమ్మార్వో గారి ఎదురుగా కూర్చుని "మా జరీనా రాస్తుందండీ ప్రోగ్రాము" అనేశారట. టైపు ఇన్‌స్టిట్యూట్ మిషన్లన్నీ తీసేసి కంప్యూటర్ సెంటర్ పెట్టిన మనిషి, అందులో క్లాసులు చెప్పేది నేను. నరసరావుపేటలో ఇప్పటికీ ఆయన్ని టైపు శేషగిరి అనే పిలుస్తారు. ఆ పేరు మార్పించుకోవాలని ఆయన ఆరాటం. మార్చాల్సింది మాత్రం నేను.

నాకు భయం లేదు.

కొంచెం ఉంది.

జనవరి 24, మంగళవారం

అబ్బాకి చెప్పాను. మైకుసెట్ల పని ఆయనది. తిరనాళ్లలో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే గొంతు ఏళ్లుగా ఆయనదే. టీ సాసర్లో పోసుకుంటూ విన్నాడు.

"నా మైకు చాలదా ఏంది?"

"మైకు నీదే అబ్బా. చీటీ వెతికేది మాత్రం మిషను."

సాసరు కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు... పోయినేడు ఒక తల్లి పొద్దు గూకేదాకా మైకు పందిరి ముందే కూర్చుని ఏడ్చిందట. పిల్లాడేమో మైదానానికి అవతల, దొరికిన పిల్లల్ని ఉంచే పందిట్లోనే ఉన్నాడు. ఆమె వెంకటేశ్వర్లు అని చెప్పింది. వాడు ఎంకటేసు అని చెప్పుకున్నాడు. రెండు చీటీలూ ఒకే చెక్కపెట్టెలో పడున్నాయి. ఎవరూ కలిపి చూడలేదు.

"నేను గూడా చూళ్లా" అన్నాడు అబ్బా.

టీ చల్లారిపోయింది. అమ్మీ మళ్లీ కాచింది.

రాస్తాను.

జనవరి 29, ఆదివారం

స్క్రీను తయారు! ఎడమ పక్క కొండ బొమ్మ, రంగుల్లో. మెట్లదారి, బస్సులు ఆగే చోటు, బళ్ల మీద కట్టిన ఎత్తైన ప్రభలు నిలబెట్టే ప్రభల మైదానం, పిల్లల పందిరి. మనిషి ఎక్కడ తప్పిపోయాడో, ఎక్కడ దొరికాడో మౌసుతో ఆ చోట నొక్కితే చాలు. కుడి పక్క రెండు కిటికీలు: తప్పిపోయినవాళ్లకి ఒకటి, దొరికినవాళ్లకి ఒకటి. తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కింద ఇంకో కిటికీ: రెండు పక్కలా చీటీలు కలిస్తే అక్కడ చూపిస్తుంది. పేరు ఒక్కటే చూడదు. వయసు, బట్టల రంగు, చోటు... అన్నీ చూసి మార్కులేస్తుంది.

లోపల ఉన్నది ఒకటే లూపు. కీ నొక్కారా, మౌసు కదిలిందా, చూడు. ఏం అడిగారో చెయ్యి. మళ్లీ మొదటికి రా. రోజంతా అదే తిరుగుడు.

శేషగిరి గారు మౌసు పట్టుకుని కొండ చుట్టూ బాణం గుర్తు తిప్పారు. లేవనంటారు కుర్చీలోంచి. "ప్రదక్షిణం అయిపోయిందమ్మా, నేను పోనవసరం లా."

ఫిబ్రవరి 3, శుక్రవారం

రాయాలని లేదు.

ఎమ్మార్వో గారు సెంటర్‌కి వచ్చారు. వెనకాల ఆఫీసు వాళ్లు. శేషగిరి గారు ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నారు. మొదటి పేరు కొట్టాను. వెతకమన్నాను. డిస్కు గరగరా తిరుగుతోంది... ఉత్తుత్తి చీటీలు బోలెడు ఎక్కించి పెట్టాం కదా, అన్నీ తిరగేస్తోంది. ఈలోపు ఎమ్మార్వో గారు ముందుకు వంగి, "ఏదీ, ఇంకో పేరు నన్ను కొట్టనీ" అన్నారు.

కొట్టారు. అక్షరం పడలేదు. మళ్లీ కొట్టారు. బాణం గుర్తు మెట్లదారి మీద బిగుసుకుపోయింది. నొక్కిన అక్షరాలు లోపల నిండిపోయి కుయ్ కుయ్ మంటోంది మిషను.

"ఏందయ్యా ఇది, ఏడుస్తోందా?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ.

ఆయన లేచారు. "అక్కడ జనం తోసుకుంటా ఉంటారు. ఒక పేరు వెతికేదాకా ఇంకో పేరు రాయనీకపోతే ఆ చీటీలే నయం గదా. ఇంకోసారి చూపించండి. అప్పుడూ ఆగిందంటే, మన పాత పెట్టె మనకుంది."

శేషగిరి గారు గుమ్మం దాకా వెళ్లి సాగనంపారు. లోపలికి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది ఆయనకి.

ఫిబ్రవరి 4, శనివారం

తప్పు తెలుసు. నిన్న వాళ్లు నవ్వుతుండగానే తెలిసింది.

లూపు ఒకటే. అదే వెతకడానికి పోతే కీలు చూసేదెవరు? వాకిట్లో కూర్చున్న మనిషి బావికి నీళ్లకి పోతే, వచ్చినవాళ్లు తలుపు కొట్టుకుంటా నిలబడాల్సిందే.

శేషగిరి గారి సలహా: "ఆ రంగులూ కిటికీలూ తీసెయ్ అమ్మా. ఒక పేరు అడగటం, ఒక జవాబు చెప్పటం. అంతే. పరువు దక్కుద్ది."

తియ్యనన్నాను. గొంతు పెద్దదైంది నాది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటా ఉండిపోయారు.

రెండు లూపులు కావాలి. ముందు ఒకటి, మెయిన్ లూపు: కీలు, మౌసు, బొమ్మ. వెనక ఇంకొకటి: డిస్కు, వెతుకులాట, ప్రింటరు. ఉన్నది ఒకటే ప్రాసెసరు. గడియారం టిక్కుమన్నప్పుడల్లా దీన్ని ఆపి దాన్ని, దాన్ని ఆపి దీన్ని నడిపించాలి. హైదరాబాదులో కోర్సు చేసేటప్పుడు సారు బోర్డు మీద గీశారు. గీసి, "ఇది మీకు అవసరం రాదులే" అన్నారు.

వచ్చింది సారూ.

ఫిబ్రవరి 8, బుధవారం

లూపుల మార్పిడి పని చేసింది! ముందు లూపు ఒక మూల అంకెలు లెక్కపెడుతోంది. వెనక లూపు ఇంకో మూల లెక్కపెడుతోంది. ఒకే మిషను మీద, ఒకేసారి. కుర్చీలోంచి లేచి గది అంతా తిరిగాను. చెప్పుకోడానికి ఎవరూ లేరు — క్లాసులు లేని రోజు. ఎదురుగా కొట్లో సుబ్బమ్మత్తకి చెప్పాను. "మంచిదమ్మా" అంది. ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

ఫిబ్రవరి 9, గురువారం

అయ్యో బొమ్మ.

వెనక లూపు చీటీ దొరకగానే తనే నేరుగా స్క్రీను మీద రాస్తోంది. అదే సమయానికి ముందుది కిటికీ గీస్తోంది. గీత సగంలో గడియారం టిక్కుమంటే... కొండ మీద పేర్లు, పేర్ల మీద మెట్లు. ప్రభ కూలి పడ్డట్టుంది చూట్టానికి.

ఫిబ్రవరి 10

కట్టుబాటు పెట్టాను. స్క్రీను ముట్టుకునేది మెయిన్ లూపు ఒక్కటే. డిస్కు ముట్టుకునేది వెనక లూపు ఒక్కటే. ఒకరి సామాను ఒకరు తాకకూడదు. చెప్పుకోవాల్సింది ఉంటే చీటీ రాసి ఎదుటివాళ్ల వరసలో పెట్టాలి. అటు ఒక వరస, ఇటు ఒక వరస. వెనక దానికీ తన సొంత లూపు: వరసలో చీటీ ఉందా, తియ్యి, పని చెయ్యి, మళ్లీ చూడు. లేదా, ఊరికే ఉండు.

బొమ్మ నిలబడింది. అద్దంలా ఉంది.

ఫిబ్రవరి 13, సోమవారం

ఆగిపోతోంది. ఎప్పుడూ కాదు — పనులు ఎక్కువై రద్దీ అయినప్పుడు మాత్రమే. మొత్తం బిగుసుకుపోతుంది, రెండు లూపులూ. స్విచ్చి ఆపి వేయడమే గతి. తిరనాళ్లంటేనే రద్దీ!

అమ్మీ అడిగింది, అన్నం ఎందుకు వదిలేశావని.

ఫిబ్రవరి 14

ఆగుతోంది.

ఫిబ్రవరి 15

శేషగిరి గారు అడగటం మానేశారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 16, గురువారం

దొరికింది దొరికింది దొరికింది.

స్క్రీను బిగుసుకుంటే ఏమీ కనపడదు కదా, అందుకని ప్రింటరు మీద కొట్టించాను. మెయిన్ లూపు అడుగేస్తే ఎం, వెనకది అడుగేస్తే బి. ఎం బి ఎం బి ఎం బి... కాగితం నిండా. చివరి ఎం దగ్గర ఆగింది. ఆ ఎం ఏం చేస్తోందో ప్రోగ్రాములో వెతికాను.

"ఎన్ని చీటీలు ఉన్నాయి?" అని వెనకదాన్ని అడుగుతోంది. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడుతోంది. వెనకదేమో అప్పటికే చేతినిండా జవాబులు పట్టుకుని, వరసలో చోటు లేక, మెయిన్ వచ్చి అందుకునేదాకా నిలబడి ఉంది. దీని కోసం అది, దాని కోసం ఇది. ఇద్దరి తప్పూ లేదు, ఇద్దరూ కదలరు.

తప్పు నాది కూడా కాదు — మెయిన్‌ని ఎక్కడా నిలబడనివ్వకూడదని ఇప్పుడే కదా తెలిసింది! అడుగు. అడిగి వెళ్లిపో. నీ లూపులోకి నువ్వు పో, వచ్చేవాళ్లని చూడు. జవాబు వచ్చినప్పుడు వస్తుంది, అదీ ఒక కీ నొక్కినట్టే వరసలో వచ్చి నిలబడుతుంది, అప్పుడు అందుకో.

ఆ ఒక్క చోటే కాదు, ఇంకా నాలుగైదు చోట్ల అలాగే నిలబెట్టాను. అన్నీ పీకేశాను.

సాయంత్రం శేషగిరి గారిని కూర్చోబెట్టాను. వెతుకులాట మీద వెతుకులాట వేయించాను. ప్రింటరు నడుస్తోంది, డిస్కు తిరుగుతోంది, ఆయన కీలు కొడుతూనే ఉన్నారు, అక్షరాలు పడుతూనే ఉన్నాయి. టైపు మిషను మీద పిల్లలకి నేర్పిన వేళ్లు అవి, ఎంత వేగమో! ఆపలేకపోయారు మిషన్ని. వేళ్లు నొప్పెట్టి ఆయనే ఆగారు.

"ఓడిపోయానే తల్లీ" అన్నారు. ఇంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని చూడలేదు నేను.

ఫిబ్రవరి 20, సోమవారం

ఎమ్మార్వో గారు మళ్లీ వచ్చారు. ఈసారి కూర్చోనే లేదు — నిలబడే కీబోర్డు మీద అరచేత్తో బాదారు. అక్షరాలు వరసగా పడ్డాయి. వెనక వెతుకులాట సాగుతూనే ఉంది, కింద కిటికీలో పేర్లు ఒక్కోటి వచ్చి చేరుతున్నాయి. బాణం గుర్తు కొండెక్కి దిగింది.

"సరే. వెతకమన్నావు. ఈలోపు ఆ పిల్ల తనంతట తనే తల్లి దగ్గరికి పోయిందనుకో?"

'వద్దు' అన్న చోట మౌసు నొక్కాను. వెనక లూపు ఒక్కో చీటీ చూసినప్పుడల్లా ముందు నుంచి కబురేమైనా వచ్చిందా అని చూసుకుంటుంది. వచ్చింది. వదిలేసింది. తర్వాతి పేరు అందుకుంది.

ఆయన అప్పుడు కూర్చున్నారు.

"నీ పేరేందమ్మా?"

"జరీనా అండీ."

"మైకు మస్తాన్ కూతురివా? మీ నాయన గొంతు నాకు బాగా తెలుసు. ప్రతి ఏడూ నిద్ర చెడగొడతాడు."

మంజూరు!

మార్చి 5, ఆదివారం

కొండ కింద. రేకుల పందిట్లో మిషను. నాదెండ్ల నుంచి తెచ్చిన జనరేటరు. దుమ్ము పడకుండా అమ్మీ పాత చీర కట్టాం చుట్టూ. పక్కనే అబ్బా మైకు. తీగలు లాగుతూ ఇటే చూస్తున్నాడు, చూడనట్టు. పిల్లల పందిరి మైదానం అవతల. అక్కడ దొరికినవాళ్ల వివరాలు రాసిన కాగితాలు సైకిలు మీద ఇక్కడికి వస్తాయి.

మిషను ఒకసారి నడిపి చూశాను. రేపు.

మార్చి 6, సోమవారం. శివరాత్రి

రోజంతా కీలు కొట్టిన వేళ్లు, రాత ఎలా ఉందో చూడొద్దు.

పొద్దున నుంచే మొదలు. ఎండెక్కేసరికి పందిరి ముందు జనం కట్టతెగినట్టు. అందరూ ఒకేసారి చెబుతారు. "మా మావ, పచ్చ తలపాగా" "అమ్మాయ్, ముందు నాది రాయి" "మా నాయనమ్మకి చెవులు వినపడవు..." కొడుతున్నాను. కొడుతూనే ఉన్నాను. శేషగిరి గారు పక్కన నిలబడి ఒక్కొక్కళ్లని ఆపి అడిగి చెబుతున్నారు. కలిసినప్పుడల్లా ప్రింటరు చీటీ కొడుతోంది, అది చింపి అబ్బా చేతికి. అబ్బా చదువుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఒకావిడ వచ్చింది. కృష్ణ అవతల నుంచి, మిర్యాలగూడ వైపు మనిషి. అరవలేదు, ఏడవలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"నా బిడ్డ... చెయ్యి పట్టుకునే ఉన్న. ప్రభ ఒచ్చింది, జనం నూకిన్రు. చేతిల చెయ్యి లేదు."

పేరు లక్ష్మి. నాలుగేళ్లు. ఎర్ర గౌను, కాళ్లకి గజ్జెలు. ప్రభల మైదానం. కొట్టాను, వెతకమన్నాను, చీటీ వెనక లూపుకి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఒక ముసలాయన కొడుకు కోసం... ఆయన వివరాలు అందుకున్నాను. ఊరు కొడుతున్నాను, సగంలో ఉన్నాను — కింద కిటికీ వెలిగింది.

దొరికినవాళ్లలో: పేరు బుజ్జి. ఎర్ర గౌను. గజ్జెలు. ప్రభల మైదానం. పిల్లల పందిరి.

పేరు కలవలేదు. మిగతావన్నీ కలిశాయి.

నా వేళ్లు ఆగలేదు. ముసలాయన ఊరు పూర్తి చేశాను, వెతకమన్నాను, అప్పుడు తల తిప్పి "అమ్మా, మీ పాపని ఇంట్లో ఏమని పిలుస్తారు?" అన్నాను.

"బుజ్జి అంటం..."

అని, నా మొహం చూసింది. అంతే. అడగలేదు ఏమీ. ఎటు అని మాత్రం చేత్తో అడిగింది. శేషగిరి గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు, ఆ జనంలో అడ్డం పడి, పంచె జారిపోతున్నా పట్టించుకోకుండా.

తిరిగొచ్చింది, చంకలో పిల్ల. పిల్ల చేతిలో ఎవరో ఇచ్చిన మరమరాల పొట్లం. ఆమె మిషను దగ్గరికి వచ్చి, మిషన్ని కాదు, నా తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు బిడ్డా" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ... కొడుతూనే ఏడ్చాను. కళ్లు కనపడక ఒకాయన వయసు తప్పు కొట్టాను, దిద్దుకున్నాను.

ముసలాయన కొడుకూ దొరికాడు. కొడుకే తండ్రి తప్పిపోయాడని అప్పటికే రాయించి పోయాడట!

ఎమ్మార్వో గారు వచ్చి వెనక నిలబడ్డారు. చాలాసేపు. "ఆగలా?" అని అడిగారు శేషగిరి గారిని.

"ఒక్కసారి గూడా ఆగలేదండీ."

ఆగలేదు. పొద్దు గూకింది, ప్రభల దీపాలు వెలిగాయి, జనరేటరు దగ్గింది, నా గొంతు పోయింది, మెయిన్ లూపు మాత్రం ఆగలేదు.

ఇక అబ్బా. చీటీలు చదవడం అయ్యాక మైకు ఆపుతాడనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు. "భక్తులకు మనవి. తప్పిపోయినవాళ్లని కలుపుతున్న ఈ కంప్యూటరు ప్రోగ్రాము రాసింది నరసరావుపేట మైకు మస్తాన్ కూతురు జరీనా." కొండ మీద మైకు హారన్లు, మెట్లదారి హారన్లు, మైదానం హారన్లు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా పేరు చెప్పాయి.

తల పైకెత్తలేకపోయాను. ఎంత బాగుందో.

"అబ్బా, ఎందుకట్టా?"

"ఏందే, చానా మందికి తెలియొద్దా?" మళ్లీ తీగలు చుట్టుకుంటూ, చూడనట్టు.

మార్చి 7, మంగళవారం

జనం పోతున్నారు. ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, బస్సుల మీద బస్సులు. తప్పిపోయినవాళ్ల కిటికీ ఖాళీ! అడిగినవాళ్లందరికీ వాళ్ల మనుషులు దొరికారు. శేషగిరి గారు ఖాళీ కిటికీని అందరికీ పిలిచి చూపిస్తున్నారు.

దొరికినవాళ్ల వైపు ఒక పేరు మిగిలింది. పేరు కూడా లేదు. ఇంకో ముసలాయన. తెల్ల చొక్కా. మెట్ల మొదట్లో కూర్చుని ఉంటే తీసుకొచ్చారు. పేరు అడిగితే నవ్వుతాడు. ఊరు అడిగినా అదే నవ్వు.

మళ్లీ వెతికించాను. ఎవరూ ఆయన్ని వెతుకుతున్నట్టు లేదు. వెనక లూపు పని లేక ఊరికే ఉంది, అది సరిగ్గానే ఉంది. ప్రోగ్రాములో తప్పు లేదు. ఈసారి తప్పుంటే బాగుండునని అనిపించింది.

పందిరి పీకుతున్నారు. "మిషను ఆపెయ్ అమ్మా" అన్నారు శేషగిరి గారు మెల్లగా. ఆపాను.

పోలీసులు ఆయన్ని ఎక్కడ పెట్టాలా అని అనుకుంటున్నారు. "మా ఇంటికి తీసకపోతా" అన్నాడు అబ్బా. ఎమ్మార్వో గారు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని సరేనన్నారు.

మార్చి 8, బుధవారం

సెంటర్ నిండా జనం. చేరతామని కొత్తవాళ్లు. గురజాల నుంచి ఒక నాన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు: "ఆ జరీనా మేడమ్ అంటే మీరేనా?" మేడమ్! శేషగిరి గారు బోర్డు కొత్తగా రాయిస్తున్నారు. ఎదురు కొట్టు సుబ్బమ్మత్త ఆయన్ని "కంప్యూటర్ శేషగిరి గారూ" అని పిలిచింది. ఆయన వినపడనట్టు నటించి, రెండోసారి పిలిపించుకున్నారు.

ఇంట్లో ముసలాయన. అమ్మీ పెట్టింది తిన్నాడు, కంచం తనే కడిగాడు. అబ్బా పక్కన అరుగు మీద కూర్చుని రిపేరుకొచ్చిన రేడియో విప్పుతుంటే స్క్రూలు అందిస్తున్నాడు. ఏది అడిగితే అది. మాట మాత్రం లేదు.

మార్చి 9, గురువారం

పొద్దున్నే లేచి చొక్కా అడిగాడు. నోటితో! అమ్మీ ఉతికి ఆరేసింది తెచ్చి ఇచ్చింది. వేసుకుని, బొత్తాలు పెట్టుకుని, "రెంటచింతల" అన్నాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే.

"అక్కడ ఎవరున్నారు చిన్నాయనా?" అబ్బా ఎన్ని రకాలుగా అడిగాడో. మళ్లీ ఆ నవ్వు.

సెంటర్‌కి కబురు పంపాను, ఈ రోజు క్లాసు రేపు చెబుతానని.

బస్సులో ఉన్నాం. గురజాల దాటింది, రోడ్డు బాగోలేక అక్షరాలు ఎగురుతున్నాయి. రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అబ్బాకీ నాకూ మధ్య కూర్చున్నాడు. ఇందాకటి దాకా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇప్పుడు ముందుకు వంగి కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక్కో మలుపు దగ్గర మెడ సాగుతోంది.

"రెంటచింతల" అని కండక్టరు కేకేశాడు. బస్సు నెమ్మదించింది.

ఆయన లేచి నిలబడ్డాడు.